పాపాయికి ‘ప్రిన్స్’ అని పేరు పెట్టే ముందు

(సభకు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక జంట నన్ను ఆపారు. ఆ అమ్మాయికి ఏడో నెల. ‘టీచర్, బాబు పుడితే ప్రిన్స్ అని పెడదామనుకుంటున్నాం, పాప పుడితే ప్రిన్సెస్. ఇంట్లో సగం మంది బాగుందంటున్నారు, సగం మంది నవ్వుతున్నారు. మీరేమంటారు?’ అని అడిగారు. నేను ఇవాళ మాట్లాడాలనుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదమ్మా, లోపలికొచ్చి కూర్చోండి అన్నాను. అదుగో, మూడో వరుసలో ఉన్నారు. ఇవాళ ఎక్కువగా మీ ఇద్దర్నీ చూసే మాట్లాడతాను.

నాకు ఈ విషయం మీద మాట్లాడే అర్హత ఏమిటంటే, ముప్పై ఏళ్లకు పైగా రోజూ పొద్దున్నే హాజరు పిలిచాను. అంతే. కానీ హాజరు పిలిచేవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. పేరు వినగానే పిల్లలు తలెత్తే తీరు. కొందరు పేరు పూర్తి కాకముందే ‘ప్రెజెంట్ టీచర్’ అంటారు. కొందరు పక్కవాడి మొహం చూసి, ఆ తర్వాత పలుకుతారు. పేరు ఎవరికి తేలిగ్గా ఉంది, ఎవరికి బరువుగా ఉంది, అక్కడ తెలిసిపోతుంది.

నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు ప్రిన్స్. ఏడో తరగతి. ఒకరోజు ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను ఏమన్నానో తెలుసా? ‘యువరాజులవారు వేంచేశారు, అందరూ లేచి నిలబడండి’ అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ బాధపడతాను. ఎందుకంటే ఆ రోజు నుంచి అది క్లాసులో ఆటైపోయింది. వాడు నీళ్లు తాగడానికి లేస్తే ఎవడో ఒకడు లేచి వంగి దండం పెట్టడం, లెక్క తప్పుచేస్తే ‘రాజ్యం పోయింది’ అనడం. రెండు నెలల తర్వాత నోటుపుస్తకాలు దిద్దుతుంటే వాడి పుస్తకం చేతికొచ్చింది. అట్ట మీద చీటీ ఉంటుంది కదా, పేరు, తరగతి, సబ్జెక్టు రాసేది. అందులో ఇంటిపేరు మాత్రమే కనపడుతోంది. దాని పక్కన ప్రిన్స్ అన్న చోట నీలం పెన్నుతో గీసి, గీసి, మళ్లీ గీసి, కాయితం చిరిగిపోయేదాకా గీసేశాడు. చేత్తో తడిమితే గరుకుగా తగిలింది.

మూడో వరుసలోనివాళ్లు కంగారు పడకండి. ఆ అబ్బాయి కథ ఇంకా ఉంది. తర్వాత చెబుతాను.

ముందు ఒకటి ఆలోచిద్దాం. అన్ని పేర్లలోనూ గొప్ప అర్థాలు ఉంటాయి కదా, మరి ప్రిన్స్ దగ్గరే ఎందుకు ఆగుతున్నాం? సారా అనే పేరుంది. ప్రపంచమంతా పెట్టుకుంటారు. హీబ్రూలో దాని అర్థం రాచబిడ్డ. రెజీనా అంటే లాటిన్‌లో రాణి. మలికా అంటే అరబీలో రాణి. బేసిల్ గ్రీకులో రాజుకున్న మాట నుంచి వచ్చింది. స్టీఫెన్ అంటే కిరీటం. హెన్రీ అంటే ఇంటికి ఏలిక. లెరాయ్ అయితే ఫ్రెంచిలో రాజు అన్న మాటే, సూటిగా. సారా అని పిలిస్తే మీలో ఎవరికైనా కిరీటం కనపడుతుందా? హెన్రీ ఆలస్యంగా వస్తే ఎవరైనా దండం పెడతారా? పెట్టరు. మనం రాజు అనో రాణి అనో పిలిస్తే పక్కింటి పిల్లవాడు, పక్కింటి పిల్ల గుర్తొస్తారు తప్ప సింహాసనం గుర్తురాదు. ఆ మాటలు వాడి వాడి అరిగాయి. మెట్టు రాయి అరిగి నున్నబడ్డట్టు నున్నబడ్డాయి. ఇప్పుడు ఎవరికీ గుచ్చుకోవు.

ఇంకో చిత్రం చూడండి. ఇది వెనక్కి కూడా నడిచింది. సీజర్ అన్నది మొదట బిరుదు కాదు. రోములో ఒక కుటుంబం పేరు. జూలియస్ సీజర్ తర్వాత వచ్చినవాళ్లు ఆ పేరు పెట్టుకుంటూ పోగా పోగా అదే పదవి అయిపోయింది. జర్మన్లు కైజర్ అన్నా, రష్యన్లు జార్ అన్నా, అంతా ఆ సీజరే. యూరప్‌లో షార్లమేన్ అని ఒక మహా చక్రవర్తి ఉండేవాడు, అసలు పేరు కార్ల్. ఆ కార్ల్ అన్న పేరు నుంచే పోలిష్‌లో, చెక్‌లో, రష్యన్‌లో ‘రాజు’ అన్న మాట పుట్టింది. ఒక మనిషి పేరు కొన్ని భాషలకు రాజు అన్న మాటనే ఇచ్చింది. అగస్టస్ అన్నది మళ్లీ తిరగబడ్డ కథ. క్రీ.పూ. 27లో రోము సెనేటు తమ తొలి చక్రవర్తి ఆక్టేవియన్‌కు ఇచ్చిన బిరుదు అది. ఆ తర్వాత పిల్లల పేరైంది, నెల పేరు కూడా అయింది. కాబట్టి బిరుదుకూ పేరుకూ మధ్య ఇనప గోడేమీ లేదు. అటువాళ్లు ఇటు వచ్చారు, ఇటువాళ్లు అటు పోయారు.

మరి ఇబ్బంది ఎక్కడ? నాకు తోచింది చెబుతాను. మామూలు పేరు పిల్లవాడి గురించి మాత్రమే చెబుతుంది. ఇంకా అరగని బిరుదు పిలిచేవాళ్ల గురించి కూడా ఏదో చెబుతుంది. ఒకరు రాజైతే ఎదుటివాడు ఎవరు? ఒకరు ‘మెజెస్టీ’, అంటే మహారాజావారు, అయితే పిలిచేవాడు ఏమైనట్టు? ఆ చిన్న గుచ్చుడు మనుషులకు తగులుతుంది. తగిలినప్పుడు వెటకారం చేస్తారు. నేను ఆ రోజు క్లాసులో చేసింది అదే. ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్న, వెటకారం చేసింది నేను, మోసింది ఆ పిల్లవాడు.

చట్టాలు కూడా ఇక్కడే తడబడ్డాయి. న్యూజిలాండ్‌లో తగిన కారణం చూపించకుండా అధికారిక బిరుదునో హోదానో తలపించే పేరు పెడతామంటే రిజిస్ట్రారు ఒప్పుకోరు. కింగ్, ప్రిన్స్, ప్రిన్సెస్ లాంటివి అక్కడ ఏటా తిరస్కరించిన పేర్లలో కనపడుతూనే ఉంటాయి. బ్రిటన్‌లో రాజులున్నారు, వాళ్ల తర్వాతి ప్రభువులు డ్యూకులున్నారు, ఎర్ల్‌లున్నారు, అక్కడ ఇంకా గట్టిగా ఉంటుందనుకుంటాం కదా? పేర్ల విషయంలో అక్కడ చాలా స్వేచ్ఛ ఉంది. కాకపోతే పేరులో బిరుదు లాంటి మాట ఉంటే, అది పేరులో భాగమే, బిరుదు కాదు అని పాస్‌పోర్టులో ఒక గమనిక వేస్తారు. ఆ గమనిక నాకు నచ్చింది. పెట్టుకోనిచ్చారు, అపార్థం లేకుండా చూశారు.

జర్మనీ, ఆస్ట్రియా సంగతి ఇంకా బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి, రెండుచోట్లా రాజరికం పోయింది. 1919లో రెండు దేశాలూ ప్రభువర్గం హోదాలను రద్దు చేశాయి. ఆస్ట్రియా పూర్తిగా తుడిచేసింది. ప్రభువంశమని తెలిపేందుకు పేరు మధ్యలో పెట్టుకునే ‘ఫాన్’ అన్న చిన్న మాట కూడా ఉండకూడదంది. జర్మనీ ఏం చేసిందంటే, హోదా తీసేసి ఆ మాటను ఇంటిపేరులో ఉండనిచ్చింది. ‘ప్రింట్స్’ అంటే యువరాజు, ‘గ్రాఫ్’ అంటే కౌంటు అనే ప్రభువు, ఇవన్నీ ఒక్క రాజ్యాంగ వాక్యంతో ఇంటిపేరు ముక్కలైపోయాయి. నిన్నటిదాకా అధికారం, ఇవాళ్టి నుంచి అక్షరాలు. ఒకే ఏడాది, పక్కపక్క దేశాలు, ఒకే భాష, రెండు దారులు.

అమెరికాలో 2013లో టెనెసీ రాష్ట్రంలో ఒక కేసు జరిగింది. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లింది బిడ్డ ఇంటిపేరు గురించి. బిడ్డ పేరేమో మెసయ్య. అభిషిక్తుడని అర్థం, క్రైస్తవులు యేసుకు వాడే మాట. కింది కోర్టు మేజిస్ట్రేటు, ఇది పేరు కాదు బిరుదు, మార్టిన్ అని మార్చండి అని ఆదేశించారు. తర్వాత పై న్యాయమూర్తి ఆ ఆదేశం కొట్టేశారు. పేరు నిలిచింది. నా మట్టుకు నాకు పై తీర్పే సరైనదనిపిస్తుంది. ఒక పేరు మంచిదా కాదా అన్నది అమ్మానాన్నలు తేల్చుకోవాలి. అయిన మనుషులు సలహా చెప్పొచ్చు. కోర్టు బల్ల మీద తేలేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నేను ఒకప్పుడు ఇలాంటి పేర్లు వద్దని గట్టిగా అనేదాన్ని. ఎవరు అడిగినా ‘వద్దమ్మా, పిల్లవాడిని ఏడిపిస్తారు’ అనేదాన్ని. నా మనసు మారింది ఆ అబ్బాయి వల్లే.

వాడు పెద్దవాడయ్యాక ఒకరోజు నన్ను చూడ్డానికి వచ్చాడు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. నేనే ఎత్తాను ఆ మాట. ‘నాయనా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది’ అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ‘నాన్న ఎందుకు పెట్టాడో నాకు ఇరవై ఏళ్లు వచ్చాక అమ్మ చెప్పింది టీచర్. నాన్న పనిచేసిన చోట ఆయన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదట. ఒరేయ్ అనో, ఇదిగో అనో. కొడుకునైనా ఎవరూ అలా పిలవకూడదు, పిలిచిన ప్రతివాడి నోటా ప్రిన్స్ అనే రావాలి అనుకున్నాడట.’ అంత చెప్పి, ‘ముందే తెలిసుంటే ఆ చీటీ గీసేవాణ్ణి కాదు టీచర్’ అన్నాడు.

నేను ఆ చీటీ చూశానని వాడికి తెలుసు. నేనేమో వాడికి తెలియదనుకున్నాను.

ఆ తర్వాత ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. చదివితే ఏం తెలిసిందంటే, ఆ తండ్రి బాధ ఆయన ఒక్కడిది కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలాకాలం నల్లవాళ్లను తెల్లవాళ్లు మిస్టర్ అనీ, మిస్ అనీ పిలిచేవాళ్లు కాదు. ఎంత వయసు వచ్చినా ఉత్త పేరే, లేకపోతే ‘బాయ్’. 1963లో అలబామాలోని గాడ్స్‌డెన్‌లో మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్త సాక్షి బోనెక్కింది. ప్రభుత్వ న్యాయవాది ఆమెను ‘మేరీ’ అని పిలిచాడు. నా పేరు మిస్ హామిల్టన్, సరిగ్గా పిలిస్తేనే జవాబు చెబుతాను అంది. జడ్జి జవాబు చెప్పమన్నాడు. చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద ఐదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా. ఆమె వదల్లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

ఒక్కసారి ఊహించుకోండి. ‘మిస్’ అన్న చిన్న మాట. మనం రోజుకు నలభైసార్లు ఊరికే అనేస్తాం. ఆ మాట కోసం ఒక మనిషి జైలుకు వెళ్లడానికి కూడా సిద్ధపడింది. అలాంటి చోట ఒక తల్లి, ఒక తండ్రి బిడ్డ పేరులోనే గౌరవం పెట్టేద్దాం, ఇక ఎవడూ తీసేయలేడు అనుకుంటే, వాళ్లను చూసి నవ్వగలమా? నేను నవ్వలేను. ఇప్పుడైతే నవ్వలేను.

అదే దేశంలో నల్లవాళ్ల మధ్య పుట్టిన జాజ్ సంగీతం చూడండి. డ్యూక్ ఎలింగ్టన్, అసలు పేరు ఎడ్వర్డ్ కెనెడీ ఎలింగ్టన్, 1899లో పుట్టాడు. చిన్నప్పుడే అతని నడవడిక, వేసుకునే బట్టల తీరు చూసి ఒక స్నేహితుడు డ్యూక్ అన్నాడు. కౌంట్ బేసీ అసలు పేరు విలియం. నాట్ కింగ్ కోల్ అసలు పేరు నథానియల్. గాయని బిలీ హాలిడేను తోటి సంగీతకారుడు లెస్టర్ యంగ్ ‘లేడీ డే’ అన్నాడు. ప్రభువుల బిరుదులు ఇవ్వకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశంలో, మిస్టర్ అనిపించుకోవడమే కష్టమైన మనుషులు ఒకరికొకరు డ్యూకులు, కౌంటులు అని బిరుదులిచ్చుకున్నారు. ఎంత అందంగా ఉందో చూడండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎలింగ్టన్‌కు ఆ మాట మనిషిని చూశాక వచ్చింది. పసిబిడ్డకు మనిషిని చూడకముందే పెడుతున్నాం. వాడు సిగ్గరి అవుతాడో, అల్లరివాడు అవుతాడో మనకు తెలియదు. సిగ్గుపడే పిల్లకు ‘క్వీన్’ అని పెడితే ఆ పిల్ల గదిలోకి రాకముందే పేరు వచ్చి కూర్చుంటుంది. ప్రిన్స్ అని అమెరికా పాటగాడు ఉండేవాడు కదా, 1958లో పుట్టినవాడు, అతనిది మాత్రం పుట్టు పేరే. ప్రిన్స్ రోజర్స్ నెల్సన్. తండ్రి కూడా సంగీతకారుడే, వేదిక మీద పెట్టుకున్న పేరు ప్రిన్స్ రోజర్స్. అదే కొడుక్కి ఇచ్చాడు. ఆ కొడుకు 1993లో రికార్డు కంపెనీతో గొడవపడి, పలకడానికే వీల్లేని ఒక గుర్తును పేరుగా పెట్టుకున్నాడు. ఏడేళ్ల తర్వాత, 2000లో, మళ్లీ ప్రిన్స్ దగ్గరికే వచ్చాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ హవాయిది. 1869లో బ్రిటిష్ రాణి కొడుకు ఆల్ఫ్రెడ్, ఎడిన్‌బరా డ్యూక్, హవాయి వెళ్లాడు. ఆ రోజుల్లో అక్కడ పుట్టిన ఒక పిల్లవాడికి ఆ రాక గుర్తుగా డ్యూక్ అని పేరు పెట్టారు. ఆ పిల్లవాడు పెద్దవాడై 1890లో పుట్టిన తన పెద్దకొడుకుకూ అదే పేరు పెట్టాడు. ఆ కొడుకే డ్యూక్ కహనమోకు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం. 1920లో ఆంట్వెర్ప్‌లో మళ్లీ బంగారం. అలల మీద పలక వేసుకుని నిలబడే సర్ఫింగ్‌ను ప్రపంచమంతా తిరిగి చూపించింది ఆయనే. డ్యూక్ అన్నది బిరుదు కాదు, మా నాన్న పేరు అని చెప్పుకోవాల్సి వచ్చేది. మా నాన్న పేరు! విన్నారా? ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఏ ఎడిన్‌బరాదీ కాదు. ఒక్క తరంలో అరిగి, ఇంటి మాట అయిపోయింది. ఇవాళ సర్ఫింగ్ చేసేవాళ్ల ముందు ఊరికే ‘డ్యూక్’ అంటే ఆయన్నే తలుచుకుంటారు.

సరే. అమ్మా, మీ ఇద్దరూ ఎదురుచూస్తున్నారు, తేల్చి చెప్పమని. నా అభిప్రాయం చెబుతాను, తీసుకోవడం మీ ఇష్టం.

ఎర్ల్, డ్యూక్, సుల్తాన్, అమీర్ లాంటివి ఇప్పటికే ఎందరో పెట్టుకుని నడిచిన పేర్లు. అమెరికాలో ఎర్ల్ వారెన్ అనే ఆయన ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, ఎవరూ ఆయన్ని ప్రభువనుకోలేదు. ఇలాంటివి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కింగ్, క్వీన్ పెట్టేవాళ్లు రెండుసార్లు ఆలోచించాలి. మెజెస్టీ, హైనెస్ మాత్రం దయచేసి వద్దు. అవి మనిషిని పిలిచే మాటలే కావు, వంగి దండం పెడుతూ అనే మాటలు. ఏ బిడ్డా అంతమందిని రోజూ వంగమని అడగలేదు.

ప్రిన్స్, ప్రిన్సెస్ దగ్గర నా టెన్షన్ వేరు. ఆ మాటల్లో పసితనం ఉంది. ఊయల పక్కన చాలా ముద్దుగా ఉంటాయి. కానీ ఆ బిడ్డకు నలభై ఏళ్లు వస్తాయి. ఉద్యోగం దరఖాస్తు మీద రాస్తుంది, ఆపరేషన్ చేసేముందు పేషెంటుకు తన పేరు చెబుతుంది, మనవలకు చెబుతుంది. ఆ వయసులో కూడా ఆ పేరు ఆమె నోట ఎలా ఉంటుందో ఇంట్లో పైకి అని చూడండి. ‘డాక్టర్ ప్రిన్సెస్’ అని అనండి. ‘ప్రిన్స్, చెత్త బయట పెట్టావా?’ అని అనండి. కోపంగా అనండి, ప్రేమగా అనండి. వారం రోజులు అనండి. మీ నోటికే అడ్డం పడితే రేపు బడిలో పిల్లల నోటికీ అడ్డం పడుతుంది.

ఇంకోటి. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డ ఉంటే చాలా జాగ్రత్త. అక్కకు మామూలు పేరుండి తమ్ముడు కింగ్ అయితే, ఆ పిల్ల మనసులో ఏం పడుతుందో మనం పక్కన కూర్చుని చూడలేం. మొదటి పేరుగా మనసు ఒప్పకపోతే రెండో పేరుగా పెట్టండి. కావాలంటే బిడ్డే పెద్దయ్యాక ముందుకు తెచ్చుకుంటుంది.

అయినా సరే, మాకు ప్రిన్సే కావాలి అంటారా? అయితే పెట్టండి. మనస్ఫూర్తిగా అంటున్నాను, పెట్టండి. కానీ ఎందుకు పెట్టారో ఇవాళే ఒక కాయితం మీద రాయండి. ఇద్దరూ చెరో కాయితం రాయండి. ఆ పేరు మీకు ఎవరిని గుర్తుచేసింది, ఏ బాధ తీరాలని పెట్టారు, ఏం కోరుకున్నారు, అన్నీ. బడిలో చేర్చే రోజు ఒకసారి చదివి వినిపించండి. ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఆగొద్దు. మొదటిసారి ఎవరో వెటకారంగా దండం పెట్టే రోజుకు ముందే ఆ కాయితం బిడ్డ చేతిలో ఉండాలి. టీచరుకు కూడా చెప్పండి. నాకు ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆ మాట అనేదాన్ని కాదు.

నా క్లాసులో చదివిన ఆ అబ్బాయి ఇప్పుడు సంతకం పూర్తిగా పెడతాడు. మొన్న పంపిన శుభలేఖ మీద చూశాను. ప్రిన్స్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ముందు, ఇంటిపేరు దాని పక్కన.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ కిటికీ పక్కన పెద్దాయన ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉన్నారు, మైకు ముందు ఆయనకు ఇవ్వండి.